ఆరో మూర

తామ్ అక్క పేరెత్తితే మా రేవులో జనం ముందు తాడు గురించే మాట్లాడతారు. "మనవరాల్ని కుక్కపిల్లలా కట్టేసేది, ఆ ముసలామేనా?" అంటారు. అనేవాళ్ళలో సగం మందిని చిన్నప్పుడు వాళ్ళమ్మలు ఈ నదిమీదే ఇలాగే కట్టేసి పెంచారు. ఒడ్డున రెండు గదుల ఇల్లు కట్టుకునేసరికి ఆ సంగతి మరిచిపోయారు. నాకు మతిమరుపు లేదు. నోరూ మంచిది కాదు. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను.

నా పేరు చిన్, అంటే తొమ్మిది. మా వైపు మనుషుల్ని పుట్టిన వరుసను బట్టి అంకెతో పిలుస్తారు. తామ్ అంటే ఎనిమిది. మేం అక్కచెల్లెళ్ళం కాదు, చుట్టాలమూ కాదు. కాయ్ రాంగ్ దగ్గర నీళ్ళమీది బజారులో ఇరవై ఏళ్ళుగా ఆమె పడవ పక్కనే నా పడవ. నేను పంది ఎముకల చారులో నూడుల్స్ వేసి అమ్ముతాను, ఆమె అనాసపళ్ళు అమ్మేది. పడవ ముందు వెదురుగడ పాతి, ఏ సరుకు అమ్ముతామో అది గడ చివర వేలాడదీస్తాం. ఆమె గడకు ఎప్పుడూ రెండు అనాసపళ్ళు ఉండేవి. గడకు తాటాకు కడితే మాత్రం పడవనే అమ్మేస్తున్నారని అర్థం. "నీ అంకె నా తర్వాతేనే, పోవడానికి తొందరపడకు," అని నాకు జ్వరం వచ్చినప్పుడల్లా నవ్వేది.

ఆమె పడవలో పుట్టింది, పడవలోనే పెళ్ళాడింది, మొగుడు సారా తాగి కాలేయం పాడై పడవలోనే పోయాడు. మిగిలింది కూతురు థోమ్. ఆ పిల్ల పదహారేళ్ళకే సైగాన్ అవతల చెప్పుల ఫ్యాక్టరీలో చేరింది. మూడేళ్ళ తర్వాత ఒక పసిగుడ్డును చంకనేసుకుని వచ్చి, తల్లి ఒళ్ళో పెట్టి, నెల తిరక్కుండా మళ్ళీ ఫ్యాక్టరీకి పోయింది. ఆ పసిగుడ్డే లువా. తండ్రెవరని ఎవరూ అడగలేదు. తామ్ అక్క చెప్పనూ లేదు.

లువా పాకడం మొదలెట్టిన రోజునుంచీ కుడికాలి చీలమండకు మెత్తటి గుడ్డ చుట్టి, దానిమీద కొబ్బరితాడు ముడి. రెండో కొస పడవ నడిమి గుంజకు. సరిగ్గా ఐదు మూరలు. ఐదు మూరలైతే పిల్ల పడవ అంచుదాకా వస్తుంది, అంచు పట్టుకుని నీళ్ళు చూస్తుంది, అంచు మీదుగా వంగి పడదు. ఇంజను చూసుకోవాలన్నా, చుక్కాని పట్టాలన్నా, కొనేవాళ్ళ పడవలోకి పళ్ళు విసరాలన్నా ఆ పడవలో ఉన్నది ఒక్క మనిషి. కట్టక ఏం చేస్తుంది? ఐదే ఎందుకు, నాలుగో ఆరో ఎందుకు కాదు అని నేను అప్పట్లో అడగలేదు.

లువాకు నాలుగో ఏడు నడుస్తుండగా, పోయిన వానాకాలం చివర్లో తామ్ అక్కకు కడుపులో గడ్డ అని తేలింది. పెద్దాసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది తిననివ్వండి అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళన్నాడే?" అంది తిరిగొచ్చేటప్పుడు.

"నాలుగు నెలలు. ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చంట."

"ఆ లెక్క నా కోసం కాదే. పిల్ల కోసం," అంది.

ఆ సాయంత్రమే థోమ్‌కు ఫోన్ చేసింది. ఆమెకు చెవి సరిగ్గా వినపడదు, స్పీకరు పెట్టించింది. అందుకని నేనూ విన్నాను.

"తీసుకెళ్తానమ్మా, నా పిల్లని నేను కాదంటానా," అంది థోమ్. "కానీ గదిలో ఇంకో ముగ్గురం ఉంటాం. పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీలో ఉండాలి, వచ్చేసరికి చీకటి. పక్క వీధిలో పిల్లల బడి ఉంది. అది పగలంతా ఆ బడిలో ఉండగలిగితే తీసుకెళ్తా. ఉండలేకపోతే నేనేం చెయ్యను? నేను కూడా మంచానికి కట్టేసి పోవాలా?"

తామ్ అక్క పక్కనున్న లువా కాలి గుడ్డ సర్దింది. తర్వాత, "ఉంటుందిలే. నేను నేర్పుతా," అంది.

ఇక్కడే నా నోరు దూరింది. రేవు పైన, ఐసు ఫ్యాక్టరీ వెనక ఒక చిన్నపిల్లల బడి ఉంది. అక్కడి టీచరమ్మ న్యాన్ పొద్దున్నే నా దగ్గర నూడుల్స్ తినిపోతుంది, మంచి పిల్ల. "ముందు ఇక్కడ అలవాటు చేద్దాం అక్కా. ఇక్కడ ఉండగలిగితే అక్కడా ఉంటుంది. నేను మాట్లాడతా," అన్నాను. మాట్లాడాను కూడా. ఒక రోజు తీసుకురండి, చూద్దాం అంది న్యాన్.

ముందు రోజు తామ్ అక్క నన్ను అడిగింది.

"ఏమే చిన్, ఆ గదిలో కిటికీ దగ్గర స్తంభమేమైనా ఉందా?"

"స్తంభమెందుకు?"

"కట్టడానికి."

"అది బడి అక్కా, పశువుల కొట్టం కాదు."

"నీకు పిల్లలుంటే తెలిసేది," అంది, నా మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, నిజమే. కానీ ఆ ముక్క ఆమె నోటినుంచి అంతకుముందెప్పుడూ రాలేదు. చారు గిన్నె తోముతూ ఆ రోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు. భయంతో అందని తెలియడానికి నాకు ఇంకొంత కాలం పట్టింది.

మర్నాడు పొద్దున బేరాలు మానుకుని ముగ్గురం ఒడ్డెక్కాం. లువాకు నా దగ్గరున్న రిబ్బనుతో రెండు జడలు వేశాను. కొత్త చెప్పులు తొడిగాం. పడవ పిల్లలకు నేల పడదు. నేల కదలదు కదా, అందుకని వాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. పది అడుగులు వేసేసరికి పిల్ల మొహం పాలిపోయింది. అమ్మమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, అల వచ్చినప్పుడు నిలబడ్డట్టు నిలబడిపోయింది.

"అమ్మమ్మా, ఇది ఊగట్లేదు."

"ఊగదమ్మా. నేల అంతే."

"ఎప్పుడు ఊగుద్ది?"

"నువ్వు నడువు, చెబుతా," అంది తామ్ అక్క. ఆమె భుజాన గుడ్డసంచి. అందులో ఏముందో నాకు తెలుసు.

బడి చిన్నదే. ముందు రంగు రాళ్ళు పరిచిన వాకిలి, ఒక ఊయల, ఒక జారుడుబల్ల. లోపల ఒకటే పెద్ద గది. గోడకు పిల్లల కప్పులు తగిలించే కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో బొమ్మ. లువాకు రొయ్య బొమ్మ ఇచ్చారు. పాతికమంది పిల్లలు కిచకిచలాడుతున్నారు. న్యాన్ వచ్చి మోకాళ్ళమీద కూర్చుని, "నీ పేరేంటి తల్లీ?" అంది. లువా ఆమె మొహం చూడలేదు, ఆమె వెనక గదిలో ఏదో వెతుకుతోంది. కిటికీ పక్కన సిమెంటు స్తంభం కనపడగానే నేరుగా పోయి దానికి వీపు ఆనించి కూర్చుంది. కుడికాలు ముందుకు చాపింది.

కాలు ఎందుకు చాపిందో న్యాన్‌కు అర్థం కాలేదు. చెప్పు విప్పబోయి చీలమండ చూసింది. చుట్టూ వేలెడు వెడల్పున తెల్లటి గుండ్రటి మచ్చ, అక్కడ చర్మం అరటిడొప్ప లోపలి వైపులా నున్నగా ఉంటుంది.

"ఇదేంటవ్వా? ఎవరు చేశారిది?"

"నేనే టీచరమ్మా," అంది తామ్ అక్క. దాచాలని ఆమెకు తోచనే లేదు. సంచిలోంచి తాడు తీసి రెండు చేతులతో, పెద్దవాళ్ళకు ఏదన్నా ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు ముందుకు పట్టింది. "ఐదు మూరలు. కొత్త గుడ్డ చుట్టా, రాసుకోదు. ఈ ఒక్కరోజూ కట్టి ఉంచండి. ఏడవదు, అరవదు, బంగారం లాంటి పిల్ల. రేపటికి ఒక మూర తగ్గించమంటే తగ్గిస్తా."

న్యాన్ మొహం ఎర్రబడింది. పాపం, కోప్పడలేదు. గొంతు తగ్గించి, "పిల్లల్ని కట్టకూడదవ్వా. ఇది పైవాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం, మీ పిల్ల, రెండూ పోతాయి. ఇక్కడ నీళ్ళు లేవు, ఎక్కడికీ పడిపోదు," అంది. తాడు తీసుకుని బల్ల సొరుగులో పెట్టింది. "మీరు ఇక వెళ్ళండి. నిలబడితే ఏడుస్తారు. చూడకుండా వెళ్ళిపోవాలి, అదే మంచిది."

తామ్ అక్క కదలలేదు. నేనే ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాను. గేటు దగ్గరికి వచ్చాక నేను వెనక్కి తిరిగి చూసి, "చూడు, నీళ్ళు కూడా తిరగలేదు కళ్ళల్లో. అప్పుడే నిన్ను మరిచిపోయింది," అన్నాను. ఎంత తెలివైనదాన్నో నేను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు ఆమె తన పడవకు పోలేదు. నా పడవలోనే, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం కూడా తినలేదు. ఒడిలో చేతులు ఊరికే ఉండేవి కావు, లేని తాడును పేనుతున్నట్టు వేళ్ళు తిప్పుతూనే ఉంది.

"కట్టకపోతే నిద్రపోదే అది."

"అక్కడ పాతికమంది నిద్రపోతారు. వాళ్ళని చూసి ఇదీ నిద్రపోద్ది. నువ్వు ఊరుకో."

"ఊరుకుంటాలే," అంది. ఊరుకోలేదు.

నాలుగున్నరకు గేటు దగ్గరికి వెళ్ళాం. పిల్లలు అరుచుకుంటూ వచ్చి తల్లుల కాళ్ళకు చుట్టుకుంటున్నారు. లువా గది లోపల, స్తంభానికి కాస్త ఇవతల నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది. చూసి మొహం విప్పారింది. రెండు చేతులూ చాపింది. రాలేదు.

"రా అమ్మా," అంది తామ్ అక్క గేటు దగ్గరినుంచి.

లువా ముందుకు వంగింది. చేతులు ఇంకా చాపింది. ఒళ్ళంతా ముందుకే ఉంది, పాదాలు మాత్రం నేలకు అతికినట్టు ఉన్నాయి. కుడికాలు వెనక్కి, ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంది. ఆ కాలికి తాడు లేదు. తాడు న్యాన్ సొరుగులో ఉంది.

అప్పుడు చూశాను, ఉదయం వేసిన గౌను కాదు. బడివాళ్ళ పాత లాగు ఏదో తొడిగి ఉంది.

న్యాన్ గబగబా మా దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏడవలేదవ్వా. ఒక్కసారీ ఏడవలేదు. ఆడుకోమంటే లేచి నాలుగడుగులు వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. అన్నానికి పిలిచాను, అక్కడే ఆగింది. మొండి చేస్తోందనుకుని, ఆకలైతే అదే వస్తుందిలే అని నేనూ పిలవలేదు. రాలేదు. మధ్యాహ్నం అక్కడే నిలబడి ఉచ్చ పోసుకుంది. దొడ్డి తలుపు ఎదురుగానే ఉందవ్వా. దాన్నే చూస్తూ పోసుకుంది."

తామ్ అక్క లోపలికి పోయి స్తంభం దగ్గర మోకాళ్ళమీద కూలబడింది. మోచెయ్యి స్తంభం మొదట ఆనించి, వేలికొస దగ్గర గీత పెట్టుకుని, అక్కణ్ణించి మళ్ళీ మోచెయ్యి పెట్టి కొలుచుకుంటూ వచ్చింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదో మూర వేలికొస లువా బొటనవేలికి తగిలింది.

పిల్ల అమ్మమ్మ తల నిమిరింది. ఆమె ఆగలేదు. స్తంభం నుంచి అన్నం బల్ల దాకా కొలిచింది, ఏడు. మళ్ళీ స్తంభం నుంచి దొడ్డి తలుపు దాకా, తొమ్మిది. గేటు దాకా, ఇరవై ఆరు. ఎక్కడైనా దుప్పట్లు అడ్డొస్తే పక్కకు జరిపి కొలిచింది. న్యాన్ గోడకు ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీరు తప్పుగా అనుకోకండవ్వా," అంది న్యాన్ చివరికి. "పాతికమందికి ఇద్దరం టీచర్లం. ఒక్కదాన్నే ఎత్తుకుని తిప్పలేను. కనీసం అన్నానికీ దొడ్డికీ తనంతట తను వచ్చేలా అలవాటు చేసి తీసుకురండి. చోటు ఉంచుతాను."

తాడు తిరిగి ఇచ్చింది. పిల్లను ఎత్తుకునే బలం తామ్ అక్కకు లేదు. నేనే ఎత్తుకుని వచ్చాను. దారిపొడవునా లువా నా భుజం మీదనుంచి అమ్మమ్మను చూసి నవ్వుతూనే ఉంది, ఆకలితో కూడా.

ఆ సాయంత్రం థోమ్ ఫోన్ చేసి ఎలా ఉందంది. "బానే ఉంది. ఇంకొంచెం అలవాటు కావాలి, అంతే," అంది తామ్ అక్క. ఫోన్ నాకిచ్చి నదివైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు ఆమె తన ఆలోచన చెప్పింది. తాడు విప్పేస్తే లాభం లేదు, విప్పినా ఆ కాలికి ఉన్నట్టే ఉంది. కాబట్టి పెంచాలి. ఐదుకు ఒక మూర కలిపి, ఆ ఆరు మూరలూ పిల్ల నడిచాక ఇంకోటి కలపాలి. ఏడైతే అన్నం. తొమ్మిదైతే దొడ్డి. ఇరవై ఆరైతే గేటు. పడవలో కుదరదు, మూర పెంచితే నీళ్ళకు అందుతుంది. ఐసు ఫ్యాక్టరీ గోడ పక్క ఖాళీ జాగాలో పాత ఇనపగుంజ ఒకటి ఉంది, అక్కడ.

మంచి ఆలోచనే అన్నాను. కొబ్బరితాడు ఒక మూర కోసి చేతికిచ్చాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చీకటి పడేదాకా కూర్చుని, కట్టకుండానే పిల్లను తీసుకుని పడవకు పోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. బేరాలు పోతున్నాయి, రోజులు పోతున్నాయి, డాక్టరు చెప్పిన లెక్క కరిగిపోతోంది. నాకు ఓపిక నశించింది.

"ఒక్క మూర ముడెయ్యడానికి మూడు రోజులా అక్కా? ఎక్కడి గొంగళి అక్కడే. చేతకాకపోతే ఇటివ్వు, నేనేస్తా."

ఆమె తాడు గుప్పిట్లో బిగించింది.

"హేన్‌కి ఆరు కట్టానే," అంది.

థోమ్ పుట్టకముందు తామ్ అక్కకు ఒక కొడుకు పుట్టి పోయాడని రేవులో అందరికీ తెలుసు. జ్వరమేదో అనుకునేవాళ్ళం. ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

"వాడికీ ఐదే ఉండేది. మూడో ఏడు వచ్చింది. పిల్లాడు ఎదుగుతున్నాడే, కాస్త వదులివ్వవే అన్నారు అందరూ. నేనూ అనుకున్నా, పాపం, కాస్త తిరగనీలే అని. ఒక మూర ముడేశా. ఆ రోజు బేరాలు ఎక్కువ. పళ్ళు విసురుతున్నా. పిల్లాడి చప్పుడు లేదు, పడుకున్నాడనుకున్నా. బేరం అయ్యాక తాడు లాగితే బరువుగా ఉంది."

గుప్పిట్లోని తాడు ముక్కను వేలికి చుట్టుకుంది.

"తాడు తెగలేదే. నీళ్ళకి అందేంత పొడుగు, పైకి తేలనివ్వనంత పొట్టి. నా ముడి మంచి ముడి, ఊడలేదు."

నేను ఆమె పక్కన చతికిలబడ్డాను. అంతకుముందు మూడు రోజులు ఆమెను అన్న మాటలన్నీ నా నెత్తిమీదే పడ్డట్టయింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఎదురుగా లువా ఇనపగుంజ చుట్టూ, ఐదు మూరల మేర గుండ్రంగా నడుస్తూ తనలో తనే ఏదో పాడుకుంటోంది.

నాలుగో రోజు సాయంత్రం ఆమె ఆ ముడి వేసింది. ఎలా వేసిందో నేను చూడలేదు, చూడలేకపోయాను. వేసి, తాడు చాచి, ఆరో మూర కొస దగ్గర తనే నిలబడింది.

లువా ఐదు మూరలు వచ్చి ఆగింది. అక్కడ తాడు బిగుసుకోలేదు. కిందికి చూసింది. కొత్త ముడి మట్టిలో ఉంది. బొటనవేలితో దాన్ని తాకింది.

"ఇదేంటి?"

"ముడి. నేనే వేశా."

"నువ్వేనా?"

"నేనేనే. దాటి రా. నేనిక్కడే ఉన్నా."

పిల్ల ముడి ఇంకోసారి కాలితో తాకి చూసి, అడుగు వేసింది. అమ్మమ్మ నడుముకు చుట్టుకుంది. తామ్ అక్క దాన్ని పట్టుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి, మొగుడు పోయినప్పుడు కూడా చూడలేదు.

ఆ తర్వాత ప్రతి మూరకూ అదే తంతు. కొత్త ముడి దగ్గర లువా ఆగుతుంది, కాలితో తడుముతుంది, నువ్వే వేశావా అని అడుగుతుంది, దాటుతుంది. కానీ ఒక్క రోజులో కుదిరే పని కాదు. తాడు లేకుండా ఎంత దూరం వస్తుందో చూస్తే, కట్టి నడిచినంత దూరమే వచ్చేది, అదీ వారం పది రోజులు నడిపిస్తేనే. ఏడో మూరకు వాన తగ్గింది. తొమ్మిదో మూర కుదిరేసరికి కొత్త సంవత్సరం పళ్ళ బేరాలు మొదలయ్యాయి. మళ్ళీ బడికి తీసుకుపోయాం. ఆ రోజు పిల్ల బల్ల దగ్గర కూర్చుని గంజి తాగింది, దొడ్డికి పోయి వచ్చింది. న్యాన్ పరుగెత్తుకుంటూ రేవుకొచ్చి చెప్పింది. తామ్ అక్క సంబరపడి నా దగ్గర ఒక గిన్నెడు నూడుల్స్ తింది. పావుగంటకే కక్కుకుంది. అయినా, "రుచిగానే ఉందే," అంది.

ఆమె మాత్రం తరిగిపోతోంది. కడుపు కుండలా ఉబ్బింది, చేతులు పుల్లలయ్యాయి. పన్నెండో మూరకు ఒడ్డుదాకా నేనే పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. గేటు దాకా ఎన్ని మిగిలాయో, తనకు ఎన్ని రోజులు మిగిలాయో ప్రతి సాయంత్రం పైకే లెక్కేసుకునేది. లెక్క ఏ రోజూ కుదరలేదు.

"తొమ్మిది చాలు కదా అక్కా. అన్నం తింటోంది, దొడ్డికి పోతోంది. ఇంకెందుకు ప్రాణం తీసుకుంటావు?"

"గేటు దగ్గరికి థోమ్ వచ్చి నిలబడితే, అది రావాలి కదే," అంది. "రాకపోతే నా పిల్లకి నేనంటే ఇష్టం లేదనుకుంటది థోమ్. తీసుకెళ్ళాలన్న మనసు దానికి అసలే అంతంతమాత్రం."

పద్నాలుగో మూర ముడి నా పడవలో పడుకునే వేసింది. వేళ్ళు బిగియక పళ్ళతో లాగింది. లువా ఆ ముడి దాటడం మాత్రం చూడలేకపోయింది. నేనే నడిపించి వచ్చి, దాటిందక్కా అని చెప్పాను. కళ్ళతోనే సరే అంది. పదో రోజు పొద్దున, బజారు విడిపోయి పడవలన్నీ ఇంజన్లు వేసుకుంటున్న వేళ పోయింది. లువా ఆమె పక్కనే కూర్చుని తాడు ముడులు లెక్కపెట్టుకుంటోంది.

థోమ్ వచ్చి, మా చావు ఆచారం ప్రకారం నుదుట తెల్లగుడ్డ కట్టుకుని మూడు రోజులు ఉంది. ఒడ్డున ఎవరో దయతలిచి ఇచ్చిన జాగాలో తల్లిని పూడ్చాం. మర్నాడు సాయంత్రం నేను థోమ్‌ను బడి గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. లువా లోపలినుంచి తల్లిని చూసింది. వచ్చింది. పద్నాలుగు మూరలు వచ్చి, వాకిట్లో ఊయల పక్కన ఆగిపోయింది. తల్లి పిలిచింది, చేతులు చాపింది. లువా కూడా చేతులు చాపింది. ఇద్దరి మధ్యా పన్నెండు మూరలు.

"నన్ను చూసి రావట్లేదు చూశావా పిన్నీ," అంది థోమ్. "అమ్మ అంతా అబద్ధం చెప్పింది నాకు."

"దానికి అంతవరకే అలవాటైంది, నువ్వు వెళ్ళవే. నాలుగడుగులు వేస్తే నీ సొమ్మేం పోయింది?"

వెళ్ళింది, ఎత్తుకుంది కూడా. కానీ ఆమె మొహంలో అప్పటికే ఏదో మూసుకుపోయింది. ఆ రాత్రి బస్సుకు ఒక్కతే పోయింది. పిల్ల మామూలుగా అయ్యాక కబురు చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను అంది. పోయేముందు తల్లి పడవ గడకున్న అనాసపళ్ళు దించి, తాటాకు కట్టింది. పడవ నాలుగో రోజున అమ్ముడైంది. నడిమి గుంజతో సహా.

లువా ఇప్పుడు నా పడవలో ఉంటుంది. నేను పెళ్ళాడలేదు, కనలేదు, నాకేం తెలుసు అని ఆమె అంది కదా. తెలియదు, నిజంగానే తెలియదు. పొద్దున బడిలో దింపుతాను. సాయంత్రం గేటు దగ్గర నిలబడను, నేరుగా ఊయల దాకా లోపలికి పోతాను.

పదిహేనో మూర నేను కట్టాను. తామ్ అక్క వేసినట్టే రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దూర్చి, అచ్చం అలాగే. గోడ పక్క జాగాలో తాడు చాచి, ఆ కొసన నిలబడి రమ్మన్నాను. లువా వచ్చింది. ముడి దగ్గర ఆగింది. బొటనవేలితో తాకింది. నన్ను ఏమీ అడగలేదు. ముడిని కాలితో అటూ ఇటూ దొర్లించి చూసి, వెనక్కి తిరిగి గుంజ దగ్గరికి నడిచి, దానికి ఆనుకుని కూర్చుంది.

"ఏమైందే? రా, నేనున్నా కదా," అన్నాను.

"అది అమ్మమ్మ వేసింది కాదు," అంది.

నలభై రోజులైంది. ఆ ముడి నేను ఎన్ని రకాలుగా వేసి చూశానో లెక్కలేదు. రోజూ సాయంత్రం జాగాలోకి వెళ్తాం. రోజూ పద్నాలుగు దగ్గరే ఆగుతుంది.